ఎనెబిష్ అంటే 'ఇది కాదు'

పొయ్యిలో ఎండుపేడ రాజుకునేదాకా
నాలుగో తరగతి పిల్లలు కోట్లు విప్పరు.
దులమ్‌సురెన్ టీచరు అప్పటికే
నేలమీద సుద్దతో ఆరు గదులు గీసి
గొర్రె చీలమండ ఎముకల సంచీ బోర్లించింది.
మంగోలియా పిల్లలకి అవి ఆటవస్తువులే,
ప్రతి ఇంట్లోనూ పెట్టె అడుగున గలగలలాడేవే.

కుడి చివర ఒకట్లు.
ఎడమకి జరిగేకొద్దీ గది విలువ పదింతలు.
ఆరోది లక్ష. తాతలు దాన్ని 'బుమ్' అనేవాళ్లు,
అంటుంటే నోరు నిండేది.

పై వరసలో అయిదు గదులకీ తొమ్మిదేసి పేర్చింది.
నలభై అయిదు ఎముకలు, చూడ్డానికి సంతలా ఉంది.
కింది వరసలో లక్ష గదిలో ఒకే ఒక్కటి,
తక్కిన గదులన్నీ బోసి.
"ఏది పెద్ద?"
వేళ్లన్నీ సంతవైపే లేచాయి.
వెనక బల్ల నుంచి ఒక్క గొంతు: "ఎనె బిష్."
క్లాసంతా ఘొల్లుమంది.
అది జవాబే కాదు, వాడి పేరు కూడా.
వాడి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు.
ఈసారి చావు గుమ్మంలోకొచ్చి అడిగితే
"ఇది కాదు" అనేసి పంపేయొచ్చని
నాయనమ్మ పెట్టుకున్న పేరు.

"నిజమేరా, అది కాదు.
గుంపు చూసి బోల్తా పడకండి.
ముందు గదులు లెక్కపెట్టండి. ఎక్కువున్నదే పెద్దది.
గదులు సమానమా, అయితే ఎడమనుంచి రండి.
తేడా కనపడ్డ మొదటి గది దగ్గరే ఆగిపోండి,
అవతల ఎన్ని తొమ్మిదులు ఎగిరిపడ్డా సరే.
సున్నాని మాత్రం తోసేయకండి,
ఊరెళ్లినవాడి పక్కలాగా
దాని చోటు దానికుండాలి."

గుర్తుకోసం తోడేలు నోరు గీసింది.
మంద ఎటు పెద్దదో అటు తెరుచుకుంటుంది.
అక్కడి పిల్లలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత బోర్డుమీద రెండు సంఖ్యలు:
2,04,318
1,40,832
మన తాలూకా పశువులు. పైది డిసెంబరు లెక్క,
కిందిది నిన్న ఆఫీసు గోడకి అంటించినది.
"టీచర్, రెండిట్లోనూ అవే అంకెలు!" అంది ఖోంగోర్‌జుల్,
"చోట్లు మారాయంతే."
అవే. చోట్లే మారాయి.
పైన రెండు, కింద ఒకటి, మొదటి గదిలోనే తేలిపోయింది.
ఇక చూడక్కర్లేదని ఆవిడే చెప్పింది కదా,
అయినా పిల్లలు చూస్తూనే ఉన్నారు
ఒక్కో గదిలోకీ తొంగితొంగి.

"టీచర్, మావి నాలుగు వందల పన్నెండు.
పై లెక్కలో వందల గదిలో మూడే ఉన్నాయి,
మావెక్కడ పట్టాయి?"
తీసివేత ఇవాళ్టి పాఠం కాదు.
"అన్నీ కలిసిపోయాయిరా ఎనెబిష్, విడిగా కనపడవు"
అని, మరి ఇప్పుడెన్ని అని అడగబోయి మింగేసింది.

కానీ అభ్యాసం చేయించాలిగా.
ఎవరింటి లెక్క వాళ్లు కాగితంమీద రాసుకుని
చిన్నదానినుంచి పెద్దదానికి వరసగా నిలబడాలి.
వెయ్యీ ఇరవై, వెయ్యీ రెండు పోట్లాడుకున్నారు,
సున్నాలు నీకూ రెండే నాకూ రెండే అని.
పదుల గది దగ్గర టీచరు తీర్పు చెప్పేసరికి
ఒకడు మూతి ముడుచుకుని వెనక్కి జరిగాడు.
ఎనెబిష్ ఎవరితోనూ పేచీ పడలేదు.
పదకొండు అని రాసుకుని
నేరుగా గోడపక్కకి పోయి నిలబడ్డాడు.
వరస వాడి దగ్గరే మొదలైంది.

గంట కొట్టాక ఎముకలు సంచీలోకి ఎత్తితే
అరవైకి యాభై తొమ్మిదే తేలాయి.
"ఎవరి దగ్గరుందర్రా?"
"ఎనెబిష్" అన్నారెవరో.
నా దగ్గర కాదన్నారో,
వాడి పేరే చెప్పారో.
ఆవిడ మళ్లీ లెక్కపెట్టలేదు,
సంచీ మూతి బిగించి అల్మరాలో పెట్టేసింది.

కిటికీలోంచి చూస్తే వాడు
జేబులో చెయ్యి తియ్యకుండా
మంచులో హాస్టలు వైపు నడుస్తున్నాడు.
పదకొండుకంటే పన్నెండు పెద్దదని
వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.